రంగు కర్ర, రాసే కలం: కొల్లేటి సీమకు ఏ చెట్టు సరిపోతుంది?

పదవీ విరమణ సభల్లో ఈ మధ్య శాలువాతో పాటు ఒక చిన్న పెట్టె కూడా చేతిలో పెడుతున్నారు. తెరిస్తే చెక్క పెన్ను. టేకు, రోజ్‌వుడ్ పెన్నులు హుందాగానే ఉంటాయి. అయితే చూపు నిలిచేది రంగుల పెన్నుల మీద: ఆకుపచ్చలో ఊదా చార, నీలంలోకి దిగిన పసుపు, నల్లటి గీతలతో ముక్కలుగా విడిపోయిన తెలుపు. పాప్లర్, మేపుల్ లాంటి లేత రంగు కలపతో వీటిని తీస్తారు. కొన్నిటికి ఆ రంగు చెట్టులోనే పుడుతుంది, మిగతా వాటికి మనిషి పట్టిస్తాడు.

మన కొల్లేటి సీమ సంగతికొస్తే, విజయవాడ వైపు నుంచి రైల్లో వస్తుంటే ఏలూరుకు ముందు తగిలే స్టేషన్ వట్లూరు. ఈ ఊళ్లోనో, తాడేపల్లిగూడెంలోనో ఒక కుర్రవాడు చిన్న కర్ర లేతు పెట్టుకుని ఇలాంటి పెన్నులు తీద్దామనుకుంటే ఏ కర్ర కొనాలి? రంగు ఎలా ఎక్కించాలి? ఎక్కిన రంగు ఎన్నాళ్లు నిలుస్తుంది? పెన్నులో కర్ర పోగా మిగతా భాగాలు ఎక్కడ దొరుకుతాయి? ఇవి ఒకదానికొకటి ముడిపడిన ప్రశ్నలు. ఒక్కొక్కరు ఒక్కో కొస పట్టుకుని మాట్లాడతారు గనుక మొత్తం విషయం ఒకచోట కనబడదు. నా అభిప్రాయం ముందే చెబుతున్నాను: పాప్లర్ కోసం మనం ఎదురుచూడనక్కర్లేదు. కలం తీసే పని రాజమండ్రిలో ఉంది, రంగు పనితనం ఏటికొప్పాకలోనూ పెడనలోనూ ఉంది, రంగుతో పుట్టిన చెట్లు మన కాలవగట్ల మీదే ఉన్నాయి. ఇవి ఒకదానినొకటి పలకరించుకోకపోవడమే లోపం.

పాప్లర్ సంగతి

పాప్లర్ పేరుతో రెండు వేర్వేరు చెట్ల కలప చలామణీ అవుతోంది. మన దేశంలో పాప్లర్ అంటే పాపులస్ డెల్టాయిడెస్. పంజాబ్, హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్ రైతులు గోధుమ చేల గట్ల మీద, చేలల్లో వరసలుగా నాటే చెట్టు ఇదే. అగ్గిపెట్టెల కంపెనీ విమ్కో దీన్ని రైతుల దగ్గరికి తీసుకెళ్లింది, ఇవాళ యమునానగర్ ప్లైవుడ్ మిల్లులు దీనిమీదే ఆధారపడ్డాయి. దీనికి చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోయే వ్యవధి కావాలి. అందుకే 28 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి పైనే సాగు చేస్తారు. ఏలూరు ఉన్నది 17 డిగ్రీలకు కొంచెం దిగువన. ఇక్కడ అది పెరగదు, పెంచమని ఎవరైనా మొక్కలు అమ్మజూపితే తీసుకోవద్దు.

అమెరికాలో పెన్నులు తీసేవాళ్లు పాప్లర్ అనేది మాత్రం చాలాసార్లు ట్యులిప్ చెట్టు, లిరియోడెండ్రాన్. అది అసలు పాపులస్ కుటుంబం కాదు, మన సంపంగి కుటుంబం. దాని చేవ లేత పసుపు ఆకుపచ్చగా ఉంటుంది. చెట్టుకు గాయమైన చోట, నేలలోని ఖనిజాలు కర్రలో పేరుకున్న చోట ఊదా, నీలం, నలుపు, ఎరుపు చారలు పడతాయి. అలాంటి ముక్కను ఇంద్రధనుస్సు పాప్లర్ అని ప్రత్యేకంగా ఏరుకుంటారు. చూడముచ్చటైన కర్రే, కానీ నిలకడ లేని రంగు. ఎండ తగిలితే ఆ పచ్చదనం గోధుమ రంగులోకి తిరుగుతుంది, ఊదా కూడా ఆ దారే పడుతుంది. పూత ఎంత మంచిదైనా ఈ మార్పును ఆలస్యం చేయగలదు తప్ప ఆపలేదు. పెన్ను జేబులో, బల్లమీద, కిటికీ వెలుగులో ఉండే వస్తువు. కొన్నవాడికి ఈ మాట ముందే చెప్పకపోతే అది మోసమే అవుతుంది.

బూజు గీసిన బొమ్మలు

కర్రలో సహజంగా రంగు పుట్టడానికి ఖనిజాల కంటే ఆసక్తికరమైన కారణం ఇంకొకటి ఉంది: శిలీంధ్రాలు. పడిపోయిన మానులో తేమ ఉంటే రకరకాల బూజులు చేరతాయి. రెండు బూజులు ఎదురుపడిన చోట తమ హద్దుగా సన్నటి నల్ల గీత గీసుకుంటాయి. ఆ గీతలే కోసిన పలక మీద సిరాతో గీసిన పటాల్లా కనబడతాయి. కొన్ని బూజులు కర్రను పూర్తిగా రంగులో ముంచుతాయి. క్లోరోసిబోరియా అనేది జైలిండిన్ అనే పదార్థాన్ని తయారుచేసి కర్రను నీలి ఆకుపచ్చగా మారుస్తుంది. 15వ శతాబ్దపు ఇటలీలో చెక్క ముక్కలు పొదిగి చిత్రాలు కూర్చిన పనివాళ్లు ఆకుపచ్చ కావలసిన చోట ఈ బూజు పట్టిన పాప్లర్ ముక్కలు వాడారు. న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉన్న గుబ్బియో రాజభవనపు గదిలో ఆ పని ఇప్పటికీ చూడవచ్చు. అయిదు వందల ఏళ్లు దాటినా ఆ ఆకుపచ్చ ఇంకా ఆకుపచ్చగానే ఉంది. ట్యులిప్ చెట్టు పచ్చదనం ఎండకు వాడిపోతుంది, బూజు ఇచ్చిన పచ్చదనం శతాబ్దాలు నిలిచింది! రంగు ఎక్కడినుంచి వచ్చిందనేది అందుకే ముఖ్యం. ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీలో సెరి రాబిన్సన్ ఈ బూజు రంగులను పెంచి, తీసి, కర్రకు కావాలని ఎక్కించే పద్ధతుల మీద పరిశోధన చేశారు.

ఈ కోవలో ప్రపంచమంతటా పెన్నులు తీసేవాళ్లు వెంటపడి కొనే కర్ర ఒకటుంది: నల్ల గీతలు పడిన చింత. థాయిలాండ్ నుంచి చిన్న చిన్న ముక్కలుగా కోసి ఎగుమతి చేస్తారు. చింతమాను పైచెక్క లేత పసుపుగా ఉంటుంది, కోసిన మొద్దును తేమ చోట కొన్నాళ్లు వదిలేస్తే బూజు దానిమీద గీతలు గీస్తుంది. మనకు చింతమొద్దు అంటే మాంసం కొట్టు ముందు ఉండేది. అడితీల్లో చింతకు టేకు ధర రాదు, చాలా భాగం వంటచెరకుగా పోతుంది. ఏలూరు, తాడేపల్లిగూడెం పరిసరాల్లో వానాకాలపు తేమ, వేడి రెండూ బూజుకు కావలసినంత ఉన్నాయి. ఆగస్టులో పడేసిన చింతమొద్దును సంక్రాంతికి కోసి చూసే ఓపిక ఉన్నవాడికి ఈ పని పెట్టుబడి లేకుండా మొదలవుతుంది. ఒక్క జాగ్రత్త: గీతలు పడేదాకా ఆగాలి, కర్ర పుచ్చేదాకా ఆగకూడదు. గోరు దిగితే ఆ ముక్క లేతు మీద నిలవదు.

మామిడి కూడా అంతే. నూజివీడు వైపు ముదిరిన తోటలు కొట్టినప్పుడు వచ్చే మానులు పెట్టెల చెక్కకూ, బట్టీలకూ వెళ్లిపోతాయి. మామిడి కర్రకు నీలి మచ్చ తొందరగా పడుతుంది. పెట్టెలు చేసేవాడికి అది చెడిపోయిన సరుకు, పెన్ను తీసేవాడికి అదే కావలసిన సరుకు.

మనిషి పట్టించే రంగు

రంగు అద్దకం గురించి మాట్లాడే ముందు పెన్ను కొలతలు తెలియాలి. చాలామంది పొరపడేది ఇక్కడే. సాధారణంగా పెన్నుకు 20 మిల్లీమీటర్ల చదరపు కోతతో, 13 సెంటీమీటర్ల పొడవున్న ముక్క తీసుకుంటారు. దాన్ని రెండుగా కోసి, నిలువునా 7 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, అందులో ఇత్తడి గొట్టం అంటిస్తారు. ఆ తర్వాత లేతు మీద పెట్టి ఉలితో తగ్గించుకుంటూ వస్తే చివరికి గొట్టం చుట్టూ మిగిలే కర్ర చాలాచోట్ల ఒక మిల్లీమీటరు మందం, కొసల దగ్గర అంతకంటే తక్కువ. ఒక ఘనపుటడుగు కలపలో కోతకు పోయేది పోగా మూడు నాలుగు వందల పెన్నులకు సరిపడా ముక్కలు వస్తాయి. అంటే కర్ర ఖరీదు ఈ వ్యాపారంలో పెద్ద లెక్క కాదు, వీణలు చేసేవాళ్ల దగ్గరా తలుపులు చేసేవాళ్ల దగ్గరా మిగిలిన ముక్కలే చాలు.

ఈ కొలతల్లోంచి ఇంకో సంగతి తేలుతుంది. ముక్కను రంగునీళ్లలో నానబెడితే రంగు పక్కల నుంచి రెండు మూడు మిల్లీమీటర్లు దిగితే గొప్ప. లేతు మీద ఆ పైపొర అంతా పొట్టుగా రాలిపోతుంది, మిగిలే లోపలి గోడ తెల్లగానే ఉంటుంది. రంగు కర్ర నాళాల వెంట, అంటే కొసల నుంచి నిలువునా సులువుగా పాకుతుంది, అడ్డంగా పాకడం చాలా కష్టం. దీనికి విదేశాల్లో వెతికిన దారి శూన్యపు పాత్ర. ముక్కలను పొయ్యిలో బాగా ఎండబెట్టి, రంగు కలిపిన రెసిన్‌లో ముంచి, పంపుతో లోపలి గాలి లాగేస్తారు. బుడగలు ఆగాక గాలి వదిలితే రెసిన్ కర్ర నాళాల్లోకి తోసుకుపోతుంది. తర్వాత సుమారు 90 డిగ్రీల వేడిలో దాన్ని గట్టిపరుస్తారు. మెత్తటి పాప్లర్ కూడా దీంతో రాయిలా తయారవుతుంది, రంగు నడిమధ్యదాకా ఉంటుంది. కానీ ఆ వస్తువులో సగం ప్లాస్టిక్. కర్ర స్పర్శ, బరువు, వాసన పోతాయి. కొనేవాడికి చెక్క పెన్ను అని చెప్పి అమ్మడం నాకు ఇష్టం లేదు. రెసిన్ పట్టించిన చెక్క అని చెప్పి అమ్మితే అభ్యంతరం లేదు.

ఇంకో దారి పలుచటి పొరలది. పాప్లర్ మానును పొరలుగా ఒలిచి, పొర మొత్తానికి రంగు పట్టించి, ఒకదానిమీద ఒకటి అతికించి కొత్త కర్ర దిమ్మెగా చేస్తారు. ఇటలీలో ఆల్పి లాంటి సంస్థలు దీన్ని పెద్ద ఎత్తున చేశాయి. మన ప్లైవుడ్ దుకాణాల్లో రెకాన్ వెనీర్ పేరుతో అమ్మే వాటిలో ఈ బాపతు పొరలు చాలా ఉంటాయి. వాటి కత్తిరింపు ముక్కలు అలమరాలు చేసే వడ్రంగుల దగ్గర వృథాగా పడి ఉంటాయి. వాటిని ఎపాక్సీ జిగురుతో అతికించి దిమ్మె చేస్తే చారల పెన్ను వస్తుంది. రంగు పాప్లర్‌తో పెన్ను తీయాలనే పట్టుదల ఉన్నవాడికి ఏలూరులో దొరికే నిజమైన పాప్లర్ అదే.

మూడో దారి తక్కువ ఖర్చుది, నేను మెచ్చేది: ముందు రంధ్రం వేయాలి, లేతు మీద దాదాపు చివరి కొలతకు దించాలి, అప్పుడు రంగులో నానబెట్టాలి, ఆరాక మెల్లగా చివరి అర మిల్లీమీటరు తీయాలి. గోడ పలుచన కాబట్టి రంగు లోపలినుంచీ బయటినుంచీ దిగుతుంది. పంపు అక్కర్లేదు, రెసిన్ అక్కర్లేదు. తడికి కర్ర ఉబ్బుతుంది గనుక ఇత్తడి గొట్టం మాత్రం రంగు పూర్తిగా ఆరాకే అంటించాలి.

ఏటికొప్పాక, పెడన నేర్పేవి

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేతు మీద తిప్పి లక్కబొమ్మలు చేస్తారు. అంకుడు తెల్లగా, మెత్తగా, సన్నటి పోగుతో ఉంటుంది. పాప్లర్‌కు మన దేశంలో దగ్గరి పోలిక ఏదంటే దీన్నే చూపిస్తాను. కర్ణాటకలోని చన్నపట్న బొమ్మలు కూడా ఈ జాతి కర్రవే. రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు అదిమితే రాపిడి వేడికి లక్క కరిగి పొరగా అంటుకుంటుంది. ఆపైన ఎండిన మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. ఈ పనిలో రసాయన రంగులు చొరబడి, బొమ్మ నోట్లో పెట్టుకునే పిల్లలకు అవి హాని అని తేలిన కాలంలో చింతలపాటి వెంకటపతి రాజు గారు మొక్కల రంగులను తిరిగి నిలబెట్టారు. పసుపు, జాఫ్రా గింజ, నీలి, కరక్కాయ లాంటివి మళ్లీ లక్కలో కలిశాయి. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2023లో రాజు గారికి పద్మశ్రీ వచ్చింది, 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలతోనే ఢిల్లీ వీధిలో నడిచింది.

ఈ పద్ధతిని పెన్నుకు యథాతథంగా తెచ్చుకోవచ్చా అంటే కొంతవరకే. లక్కపొరలో రంగు కర్ర మీద ఉంటుంది, కర్రలో ఉండదు. చెక్క పోగు కనబడాలని కోరుకునే కొనుగోలుదారుకు అది నచ్చకపోవచ్చు. ఇంకా గట్టి ఇబ్బంది ఒకటుంది. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. చేతులకు శానిటైజర్ రాసుకుని ఆరకముందే పెన్ను పట్టుకుంటే పూత జిగటలాడుతుంది. కారు అద్దం దగ్గర మే నెల ఎండలో వదిలేస్తే మెత్తబడుతుంది. బొమ్మకు రాని ఈ కష్టాలు పెన్నుకు రోజూ వస్తాయి. అందుకని లక్కను రంగు మోసే పొరగా సన్నగా వాడి, చేతి పట్టు ఉండే కింది భాగానికి ఫెవిక్విక్ జాతి జిగురును పలుచటి పూతలుగా ఇచ్చి పాలిష్ పెట్టడం మేలు. పెన్నులు తీసేవాళ్లలో ఎక్కువమంది స్థిరపడిన పూత అదే.

మొక్కల రంగులన్నీ ఒకే తీరుగా నిలవవనే నిజం కూడా చెప్పుకోవాలి. పసుపు కొమ్ము రంగు ఎండకు అన్నిటికంటే ముందు పోతుంది. జాఫ్రా నారింజ దానికంటే కాస్త నయం. నీలి, మంజిష్ఠ గట్టివి. అన్నిటికంటే గట్టిది నలుపు, అది కొల్లేటి సీమకు పొరుగునే ఉన్న పెడన అద్దకపు వాళ్లకు తెలిసిన విద్య. కరక్కాయలో మూడో వంతు దాకా వగరు పదార్థం ఉంటుంది. ఆ కషాయం పట్టించిన బట్ట మీద ఇనుపనీళ్లు పడితే నల్లగా మారుతుంది. తుప్పు ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో ఊరబెట్టి ఆ ఇనుపనీళ్లు చేసుకుంటారు, లేదా అన్నభేది వాడతారు. మన పాత తరాలు కాగితం మీద రాసుకున్న కరక్కాయ సిరా కూడా ఇదే రసాయనం. కర్ర మీద కూడా ఇది అచ్చంగా పనిచేస్తుంది. అంకుడు లాంటి తెల్ల కర్రకు ముందు కరక్కాయ కషాయం, ఆరాక ఇనుపనీళ్లు పూస్తే ముదురు నలుపు వస్తుంది. నల్లతుమ్మ కర్రలో వగరు స్వతహాగానే ఉంది కాబట్టి ఇనుపనీళ్లు ఒక్కటే చాలు. ఇది ఎండకు వెలిసిపోయే రంగు కాదు. ఒక పెన్ను నలుపు, అందులో పోసే సిరా నలుపు ఒకే కాయ నుంచి రావచ్చు. ఇంతకంటే చక్కటి సరుకు ఏ పరదేశపు కిట్ ఇవ్వగలదు?

రంగుతో పుట్టిన చెట్లు

నా లెక్కలో అసలు ధనం ఇక్కడుంది. గంగరావి చెట్టు కోస్తా ఊళ్లన్నిటికీ తెలుసు. కంచెల్లో, పశువుల పాకల పక్కన కొమ్మ గుచ్చితే బతుకుతుంది. దాని శాస్త్రీయ నామంలోనే పాప్లర్ ఆకును పోలినదనే అర్థం ఉంది, థెస్పీసియా పాపుల్నియా. ముదిరిన గంగరావి చేవ ముదురు చాక్లెట్ రంగులో, ఎర్రగా, ఊదాగా చారలు తేలి ఉంటుంది, పైచెక్క లేత గులాబి. పసిఫిక్ దీవుల్లో దీన్నే మైలో అని పిలిచి గిన్నెలు తిప్పుతారు, హవాయిలో దానికి మంచి ధర పలుకుతుంది. పోగు సన్నగా, ఉలికి లొంగుతుంది, పగుళ్లు తక్కువ. రంగు వేయాల్సిన అవసరమే లేదు, వేస్తే తప్పు. కొల్లేటి సీమ పెన్నుకు ఒక్క కర్రే ఎంచుకోమంటే గంగరావినే ఎంచుకుంటాను.

పనస మరొకటి. నూజివీడులో వీణలు చేసేది పనస మానుతోనే. కొత్తగా కోసిన పనస చేవ పసుపు పచ్చగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ తేనె రంగుకు, ఆపైన గోధుమకు తిరుగుతుంది. బర్మా, శ్రీలంక భిక్షువుల వస్త్రాలకు కాషాయం ఈ కర్ర పొట్టు ఉడికించి పట్టించేవారు. దీని రంగు మారుతుంది, కానీ వెలవెలబోదు. వీణ కుండ తొలిచాక మిగిలే ముక్కల్లో ఎన్ని పెన్నులున్నాయో ఆ పనివాళ్లకు చెప్పినవారు లేరు. వీణకు పెట్టిన పేరున్న ఊరి నుంచి పనస పెన్ను వస్తే దానికి వేరే ప్రచారం కావాలా?

తాడి గురించి ఎంత చెప్పినా తక్కువే. కొల్లేటి లంకల్లో తాటిమానును తొలిచి దోనెలు చేసుకున్నారు, ఇళ్లకు దూలాలు, వాసాలు వేసుకున్నారు. తాటాకు మీద గంటంతో రాసుకున్నారు. తాటి చేవలో లేత గోధుమ రంగు మెత్తని భాగం మధ్య నల్లని గట్టి పోగులు నిలువునా ఉంటాయి. నిలువుగా తీస్తే నల్ల చారలు, ముక్కను ఏటవాలుగా కోసి తీస్తే చుక్కల నమూనా వస్తుంది. నల్ల తాటి చెక్క పెన్నులకు విదేశాల్లో ఎప్పుడూ గిరాకీ ఉంది. పని మాత్రం సులువు కాదు. ఉలి కాస్త మొద్దుబారినా నల్లపోగు ఊడి గుంట పడుతుంది. పలుచటి జిగురు పట్టించుకుంటూ, ఉలి నూరుకుంటూ, తొందరపడకుండా తీయాలి. పాత పెంకుటిళ్లు పడగొట్టినప్పుడు వచ్చే వాసాలు దీనికి శ్రేష్ఠం, ఎందుకంటే అవి తరాలపాటు ఆరిన కర్ర.

నిద్రగన్నేరు రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కొట్టేస్తారు, బంగారు చారల గోధుమ చేవ అందులో ఉంటుంది. సుబాబుల్, సరుగుడు రాజమండ్రి కాగితపు మిల్లుకు వెళ్తాయి, వాటికి రంగు పెద్దగా లేదు. తెల్ల సుబాబుల్ అద్దకం నేర్చుకునేవాడికి చవకైన పాఠపు ముక్కగా పనికొస్తుంది, అంతే. ఎర్రచందనం జోలికి వెళ్లొద్దని గట్టిగా చెబుతాను. అది 1995 నుంచి అంతర్జాతీయ నియంత్రణలో ఉంది. ఎక్కడిదో తెలియని ఎర్రచందనపు ముక్కతో పెన్ను తీసి పేరు తెచ్చుకోవడం శేషాచలం కొండలకు ద్రోహం. ఇంటి చెట్టయినా కొట్టే ముందు 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి తెచ్చుకోవాలి. కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సార్ చిత్తడి నేల. ఆ హద్దుల్లోంచి కట్టె ఏరుకురావడం కూడా మానుకోవాలి. కొట్టేసిన, కూలిన, పాతబడిన కర్రే మనకు కావలసినంత ఉంది.

కలం లోపల ఏముంది

ఇక కలం సంగతి. చెక్క గొట్టంలో నేరుగా సిరా పోస్తే కర్ర తాగేస్తుంది, ఉబ్బుతుంది, పగులుతుంది. అందుకే చెక్క పెన్నుల్లో చాలా భాగం రీఫిల్ పెన్నులు. వాటికి గొట్టం, మొన, క్లిప్పు, తిప్పే మర అన్నీ కలిపి కిట్‌గా అమ్ముతారు. ఎక్కువ కిట్లు చైనా, తైవాన్ల నుంచి వస్తాయి. అంటే పెన్నులో మనది ఆ ఒక్క మిల్లీమీటరు కర్రే.

లోపలి భాగాలు విదేశీవైతే అది మన కలమేనా అనే ప్రశ్న రాజమండ్రిలో తొంభై ఏళ్ల కిందటే వచ్చింది. కంసాలి పని నేర్చిన కోసూరి వెంకటరత్నం గారు 1921లో వార్ధాలో గాంధీజీని కలిస్తే, గుండుసూది నుంచి కలం దాకా జనానికి పనికొచ్చేది ఏదైనా స్వదేశంలో చేయమన్నారట. 1932 ప్రాంతంలో కలాల తయారీ మొదలైంది. మొదట పంపిన కలంలో విదేశీ భాగాలు ఉన్నాయని గాంధీజీ దాన్ని అంగీకరించలేదని, ఆ తర్వాత అన్ని భాగాలూ ఇక్కడే చేసి పంపారని చెబుతారు. అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం కార్యదర్శి కుమారప్ప ద్వారా అందిన కలం బాగుందని గాంధీజీ 1935 జూలైలో రత్నం గారికి ఉత్తరం రాశారు. రత్నం పెన్నులు ఎబొనైట్‌తో, అంటే గంధకం పట్టించి గట్టిపరచిన రబ్బరుతో, లేతు మీద చేత్తో తీసినవి. ఆ ఊళ్లోనే గైడర్ పెన్నులు కూడా వచ్చాయి. ఎబొనైట్ సిరాకు చెక్కుచెదరదు, మర తిరుగుళ్లు దానిలో చక్కగా నిలుస్తాయి.

ఏలూరు నుంచి రాజమండ్రి వంద కిలోమీటర్లు ఉండదు. చెక్క పెన్నుకు కావలసిన పరిష్కారం అక్కడ సిద్ధంగా ఉంది: లోపల సిరా నిలిచే పలుచటి ఎబొనైట్ గొట్టం, పాళీ బిగించే ఎబొనైట్ ముక్క, మూత మరలు. పైన గంగరావి, పనస లేదా తాటి తొడుగు. ఇత్తడి గొట్టం, దిగుమతి కిట్ ఉండవు. ఎబొనైట్, కర్ర వేడికీ తేమకూ వేర్వేరుగా స్పందిస్తాయి కనుక అతుకు దగ్గర ఎపాక్సీ లాంటి గట్టి జిగురు కావాలి. అసలు ముఖ్యం కర్ర ఆరడం. కొల్లేటి గాలిలో తేమ ఎక్కువ. వానాకాలంలో తీసిన పెన్ను వేసవిలో కుంచించుకుంటుంది, కుంచించుకుంటే గొట్టం మీద నిలువునా చీలుతుంది. ముక్కలను రంధ్రం వేసి, నెలల తరబడి నీడలో ఆరబెట్టి, బరువు తగ్గడం ఆగిందని తూచి చూసుకున్నాకే లేతు ఎక్కించాలి. మా ప్రాంతంలో చెక్క పెన్నులు చీలేది ఈ ఒక్క తొందర వల్లే.

పని చేసేవాళ్ల ఆరోగ్యం గురించి ఒక మాట. కలప పొట్టు దుమ్ము క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే తేల్చింది. బూజు పట్టిన కర్ర దుమ్ములో శిలీంధ్రపు రేణువులు కూడా ఉంటాయి. మూతికి తువ్వాలు చుట్టుకుంటే చాలదు. సరైన మాస్కు, పొట్టు లాగే ఫ్యాను లేకుండా చింత గీతల పెన్ను తీయొద్దు.

తాడేపల్లిగూడెంలో 2015 నుంచి ఎన్‌ఐటి ఉంది, ఆ పక్కనే వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. వట్లూరు చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. ఈ విషయంలో ఇప్పుడు లేనిదల్లా కొలత: మొక్కల రంగు ఏది ఏ కర్ర మీద ఎంత ఎండకు ఎన్నాళ్లు నిలుస్తుంది, గంగరావి ఎంత తేమలో ఎంత కుంచించుకుంటుంది. ఇవి ఒక విద్యార్థి బృందం ఒక ఏడాది ప్రాజెక్టుగా తేల్చగలిగే పనులు. అధ్యాపకులు తలుచుకోవాలి. ఏలూరు, గూడెం కర్ర లేతుల పనివాళ్లకు రాజమండ్రి కలాల పనివాళ్ల దగ్గర కొన్నాళ్ల శిక్షణ ఇప్పిస్తే, లేపాక్షి హస్తకళల దుకాణాల్లో ఒక అర కేటాయిస్తే ఈ పెన్ను నిలబడుతుంది. చదివేవారికి నా విన్నపం ఒక్కటే: ఈసారి బహుమతికి చెక్క పెన్ను కొంటున్నప్పుడు అది ఏ చెట్టు, ఆ రంగు దేనిది అని దుకాణదారును అడగండి. జవాబు చెప్పగలిగిన చోటే కొనండి.